తోడు మట్టి

1. మృగశిర కార్తె. ఎండ లేదు

రూలు కాబట్టి రాస్తున్నాను. సముద్రం ముంచగా మిగిలిన ఈ దిబ్బ మీద ఎవరి పెరటి మడి నుంచైనా మనిషి ఒంట్లో అమర్చిన యంత్రానికి కరెంటు పోతుంటే, ఆ మడి సంగతులు ఇంటివాళ్ళు రాసి పెట్టాలి. నేను పోతే నా తర్వాత చూసేవాళ్ళకు తెలియాలట. నాకు పోయే ఉద్దేశం లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే నిన్నటి నుంచి నా మనసు మనసులో లేదు.

ముందు మడి సంగతి. పెరట్లో మెడల దాకా పాతిన మట్టి కుండలు. ఒక్కో కుండలో అడుగున బొగ్గు పలక, పైన పాత కప్పుల నుంచి కత్తిరించిన జింకు రేకు, రెంటి మధ్యా మడ అడవి నుంచి తెచ్చిన నల్ల బురద. కుండ నుంచి కుండకు తీగ. మొత్తం కలిపినా గ్లాసుడు టీనీళ్ళు కాగవు. కానీ పగలంతా బొట్లుబొట్లుగా వచ్చేదాన్ని ఇంట్లో ఒక డబ్బాలో దాచి, దీపాలు పెట్టే వేళకు మంచం కింద నేలలో పాతిన తీగచుట్టకు వదిలితే, అది మా ఆయన ఏడుకొండలు రొమ్ములో ఉన్న గుండె పెట్టెను నింపుతుంది. పెట్టె నిండుగా ఉంటే ఆయన నన్ను ఆటపట్టిస్తాడు. సగానికి వస్తే నిద్రపోతాడు. ఖాళీ అయితే ఏమవుతుందో ఇక్కడ రాయను.

భూమి వేడి తగ్గాలని ఆకాశానికి తెర వెయ్యకముందు ఇలాంటి బురద కరెంటును చూసి నేనే నవ్వేదాన్ని. కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసినదాన్ని మరి. తెర వేశాక ఎండ తగ్గింది, సముద్రం మాత్రం తగ్గలేదు. ఇళ్ళ కప్పుల మీది సోలారు పలకల మీద ఇప్పుడు వడియాలు ఎండబెట్టుకుంటున్నాం, అవీ సరిగ్గా ఎండవు.

నిన్న నేను నీళ్ళ వరుసలో నిలబడి చీకటిపడ్డాక లాంతరుతో వచ్చేసరికి, మాకూ పక్కింటికీ మధ్యనున్న తడక పక్క వరుసలో ఒక కుండలో గుంట కనిపించింది. ఎవరో దోసెడు బురద తోడుకుపోయారు. లోపలికి వెళ్ళి అడిగితే ఏడుకొండలు తాపీగా, పక్కింట్లో కొత్తగా దిగినామె తోడు అడిగితే ఇచ్చానన్నాడు.

కొత్త కుండల్లో ఉత్త బురద పోస్తే అది మేలుకోదు. పాలకు తోడు వేసినట్టు, బాగా నడుస్తున్న మడిలోంచి దోసెడు మట్టి తెచ్చి కలపాలి. ఎందుకలాగో తెర వేసినవాళ్ళకే తెలియాలి, కానీ అంతే. తోడు ఇవ్వడం తప్పు కాదు. దీపాలు పెట్టాక మాత్రం ఎవరూ ఇవ్వరు. పెరుగైనా ఇవ్వం, ఉప్పైనా ఇవ్వం, తోడు మట్టి అసలే ఇవ్వం. ఈ మహానుభావుడు దీపాలు పెట్టాకే ఇచ్చాడు.

నమ్మకాల మీద నాకు నమ్మకం లేదు. అయినా పొద్దున మీటరు పెట్టి చూస్తే, తడక పక్క వరుసలో ముల్లు కొంచెం కిందికి దిగి ఉంది.

2. మృగశిర. ముసురు పట్టింది

పక్కింటామె పేరు సలోమి. కృష్ణ సముద్రంలో కలిసేచోట లంకలన్నీ మునిగిపోయాక, అక్కడి జనాన్ని తలా ఒక దిబ్బకు పంచారు. మా దిబ్బకు ఈమె వచ్చింది. ఒంటరి మనిషి, వలలు అల్లుకుంటుంది. ఎదురుపడితే "అక్కా" అని పలకరిస్తుంది. నన్ను ఎవరైనా రెండో రోజే అక్కా అంటే, నా దగ్గర ఏం కావాలో అని చూస్తాను.

ఆమె మడి అప్పుడే మేలుకుంది. వాళ్ళ కిటికీలో చిన్న దీపం వెలుగుతోంది. మా మడి మేలుకోవడానికి ఎంత కాలం పట్టిందో నాకు బాగా గుర్తు.

ఏడుకొండలుతో అన్నాను, దోసెడు తోడుకే అంత త్వరగా ఎలా వెలిగిందని. ఆయన పడవ ఇంజన్ల మెకానిక్కు, ప్రపంచంలో ఏది తిరిగినా సంతోషిస్తాడు. వెలిగితే మంచిదేగా అన్నాడు.

3. మృగశిర చివర

ఈ రోజు చూసింది చూసినట్టు రాస్తున్నాను.

తెల్లవారకముందే మెలకువ వచ్చింది. పెరట్లోకి వెళ్ళబోతూ తడక సందులోంచి చూస్తే, సలోమి మూత పెట్టిన చెంబుతో బయటికి వచ్చింది. అటూ ఇటూ చూసింది. మా ఇంటి వైపు మరీ ఎక్కువసేపు చూసింది. వంగి తడక మొదట్లో, సరిగ్గా మా కుండల వరుసకు ఆనుకుని, చెంబులోది పోసింది. చప్పుడు కాకుండా లోపలికి వెళ్ళిపోయింది. తన మడిలో పోసుకోలేదు. మన పని మనం చేసుకునేటప్పుడు ఇంటి చుట్టూ అలా చూసుకోము.

నేను వెళ్ళి ముట్టుకునేలోగా చినుకులు పడి అంతా కలిసిపోయింది. ఈ దిబ్బ మీద ఎవరూ ఏదీ పారబొయ్యరు. బియ్యం కడిగిన నీళ్ళతో కూర వండుతాం, గంజి ఉప్పేసుకుని తాగుతాం. కాబట్టి ఆమె పోసింది తినేదో తాగేదో అయ్యుండదు.

4. ఆరుద్ర ప్రవేశం

పోస్తూనే ఉంది. నేను చూసిన ప్రతి తెల్లవారుజామునా పోసింది.

మీటరు ముల్లు మాత్రం పెరుగుతోంది. ఇది ఆమె వల్ల కాదు, నా వల్ల. నేను ఊరికే కూర్చోలేదు. ఒక కుండలో ఉప్పునీళ్ళు పోశాను, ఒక దాంట్లో బూడిద నీళ్ళు, ఒక దాంట్లో పులిసిన తాటికల్లు. తడక పక్క వరుసకు చింతపండు పులుసు పోశాను. మిగతా కుండల్లో ముల్లు ఉన్నచోటే ఉంది, తడక పక్క వరుస ఒక్కటే లేచింది. అంటే చింతపండే మందు. ఈ సంగతి కనిపెట్టినందుకు నాకు గర్వంగా ఉంది. పక్క వీధివాళ్ళు అడిగినా చెప్పను.

ఏడుకొండలు పులుసు వాసనకు లేచి కూర్చున్నాడు. "నా గుండెకు పులుసు పెట్టావు, రేపు తాలింపు కూడా పెడతావా ఏందే?" అన్నాడు. పెట్టె నిండుగా ఉంది. అందుకే ఆ మాటలు.

ఆయన నవ్వుతుంటే నాకు ఇంకా భయం వేసింది. మడి బలపడేకొద్దీ దాని మీద కన్ను వేసేవాళ్ళకు లాభం ఎక్కువ. దొంగ కూడా కాయ పండేదాకా ఆగుతాడు.

5. ఆరుద్ర. గాలి లేదు

ఇప్పుడు నాకు అర్థమైంది. ఆమె పోస్తున్నది ఉప్పునీళ్ళు. ఉప్పునీళ్ళు పడితే మట్టిలో కరెంటు సులువుగా పారుతుంది. మా కుండలకూ ఆమె కుండలకూ మధ్య ఉన్న మట్టిని రోజూ తడుపుతూ, కంటికి కనిపించని కాలవ తవ్వుతోంది. తీగ వేస్తే పట్టుబడుతుంది, తడి అయితే ఎవరు పట్టుకుంటారు? లంకల్లో పుట్టిన మనిషికి నీళ్ళతో పని చేయించడం ఒకరు నేర్పాలా.

పట్టుకోవడానికి నా దగ్గరా ఒక ఉపాయం ఉంది. పాత ఫ్యాను మోటారు విప్పి రాగి తీగ తీశాను. లావు ఇనప బోల్టు చుట్టూ వేళ్ళు నొప్పి పుట్టేదాకా చుట్టాను. దాన్ని తడక మొదట్లో పాతి, రెండు కొసలూ మా కిటికీ దాకా లాగి, ఏడుకొండలు పాత రేడియో ఇయర్‌ఫోన్‌కు కట్టాను. మట్టిలో కరెంటు ఆగి ఆగి పోతే, ఈ చుట్టలో అది టిక్కుమంటుంది. కరెంటాఫీసులో నేల కింద తెగిన కేబుళ్ళను ఇలాగే వెతికేవాళ్ళం.

పగలంతా చెవిలో పెట్టుకుని కూర్చున్నాను. ఏమీ లేదు. దీపాలు పెట్టే వేళైంది. ఏడుకొండలు మంచం ఎక్కాడు, ఛార్జింగు పెట్టాను, వచ్చి మళ్ళీ ఇయర్‌ఫోన్ తగిలించుకున్నాను. సలోమి కిటికీలో దీపం వెలిగింది.

టిక్. టిక్. టిక్.

ఆమె దీపం వెలిగినంతసేపూ ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. మా ఆయన గుండెకు పోవాల్సింది ఆమె వలల మీద వెలుగుతోంది. నాకు వచ్చిన కోపానికి ఆ తడకను అక్కడే పీకి అవతల పారేద్దామనిపించింది.

6. ఆరుద్ర. మర్నాడు

అడిగాను. వెనక మాట్లాడే అలవాటు నాకు లేదు.

సలోమి గుమ్మంలో కూర్చుని వల కుడుతోంది. మా మడిలోంచి కరెంటు లాగుతున్నావా అని సూటిగా అడిగాను. ఆమె మొహం చూస్తే నిజంగా బిత్తరపోయినట్టే ఉంది. దొంగలందరూ అలాగే బిత్తరపోతారు.

"నేనేం తీసుకోలేదక్కా," అంది.

మరి తెల్లారకముందు చెంబుతో పోస్తున్నదేమిటన్నాను. ఆమె చేతిలో సూది ఆగిపోయింది. తల దించుకుంది.

"నువ్వు చూశావా?" అంది. తర్వాత, "అది చెప్పకూడదక్కా," అంది.

ఇంకేం కావాలి నాకు? ఇంటికి వచ్చి ఏడుకొండలుతో చెప్పాను. ఆయన, చెప్పకూడనిది అందరికీ ఒకటి ఉంటుంది, వదిలెయ్యమన్నాడు. ఆయన మెత్తదనానికే ఆయన గుండె ఇలా అయిందని గట్టిగా అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

7. పునర్వసు కార్తె

దిబ్బ పెద్ద చెంచయ్య బాబాయి వచ్చాడు. ఇద్దర్నీ కూర్చోబెట్టి, దీపాలు పెట్టే వేళ దాకా ఆగి, ఇయర్‌ఫోన్ తన చెవిలో పెట్టుకున్నాడు. లోపల ఏడుకొండలు ఛార్జింగులో ఉన్నాడు. సలోమి వెళ్ళి తన దీపం వెలిగించి వచ్చింది. బాబాయి కళ్ళు పెద్దవయ్యాయి. వీధిలోవాళ్ళు ఇంకో ఇద్దరికి ఇచ్చాడు, వాళ్ళూ విన్నారు. టిక్కుమన్న ప్రతిసారీ అందరూ ఆమె దీపం వైపే చూశారు.

ఏం పోస్తున్నావమ్మా అని బాబాయి మెల్లగానే అడిగాడు. ఆమె ఏమీ తీసుకోలేదని మళ్ళీ అంది, అంతకుమించి నోరు విప్పలేదు. ఒకసారి మా కిటికీ వైపు, ఏడుకొండలు పడుకున్న వైపు చూసింది. ఆ చూపు నాకు గుర్తుండిపోయింది. కళ్ళలో భయం ఉంటుందనుకున్నాను, లేదు.

తీర్పు ఏమిటంటే, రెండు మళ్ళ మధ్యా మోచేతి లోతుకు కందకం తీసి బరకం నిలువుగా పాతాలి. పడవల మీద కప్పే బరకం, నీటి చుక్క ఇటుది అటు పోదు. తవ్వకం ఇద్దరూ చెయ్యాలి.

ఇద్దరం తవ్వాం. నేను గడ్డపారతో పొడుస్తుంటే ఆమె తట్టతో ఎత్తిపోసింది. మోచేతి లోతు వచ్చాక, "చాలా అక్కా, ఇంకా తవ్వాలా?" అని అడిగింది. ఇంకా తవ్వమన్నాను. తవ్వింది.

8. పునర్వసు. వాన

కొన్నాళ్ళుగా మనశ్శాంతిగా ఉంది. ముల్లు ఉన్నచోటే ఉంది. ఇక ఎవరి తడీ మా మట్టిలోకి రాదు.

ఇయర్‌ఫోన్‌లో టిక్కులు మాత్రం ఆగలేదు. బరకానికి ఎక్కడో చిల్లు ఉండి ఉంటుంది. మళ్ళీ తవ్వి చూడాలి.

9. పుష్యమి కార్తె ప్రవేశం

ముల్లు దిగుతోంది.

ముందు తడక పక్క వరుస దిగింది. తర్వాత దాని పక్కది. చింతపండు పులుసు మళ్ళీ పోశాను, ఇంకా చిక్కగా పోశాను. కుండలోంచి కుళ్ళు కంపు వచ్చింది, ముల్లు ఇంకా పడింది. జింకు రేకులు గీకి మార్చాను. తీగల ముడులు విప్పి మళ్ళీ బిగించాను. మార్పు లేదు. బురద బూడిద రంగులోకి తిరిగింది. పిసికితే జిగట లేదు, ఇసకలాగా వేళ్ళ మధ్యనుంచి జారిపోయింది.

ఆమె అన్నాళ్ళు పోసిన విషం ఇప్పుడు పని చేస్తోందని అనుకుంటున్నాను. నేను బరకం వేస్తానని తెలిసే ముందుగా పోసి ఉంచిందేమో. చెంచయ్య బాబాయికి ఈ మాట చెబితే ఆయన ఈసారి వెంటనే తల ఊపలేదు.

దిబ్బ గాలిమర నుంచి ఒక తీగ ఇమ్మని అడిగాను. రెక్క విరిగి ఆరుద్రలోనే ఆగిపోయిందన్నారు. మందుల లాంచీ ఈ అలల్లో బయలుదేరదని రేడియోలో చెప్పారు.

ఏడుకొండలు పగలు కూడా నిద్రపోతున్నాడు. లేపి జావ తాగిస్తే, మీటరు వైపు చూపించి ఏమంటోందని సైగ చేశాడు. బాగుందని అబద్ధం చెప్పాను.

10. పుష్యమి. వాన తెరిపిచ్చింది

ఈ రోజు మధ్యాహ్నం పెట్టె కూసింది.

అది ఎలా కూస్తుందో ఆస్పత్రిలో ఒకసారి వినిపించారు. పిచ్చుక పిల్ల అరిచినట్టు ఉంటుంది. మనిషి రొమ్ములోంచి ఆ చప్పుడు వస్తుంటే డబ్బా దగ్గరికి పరిగెత్తాను. చూస్తే దాదాపు ఖాళీ. దీపాలు పెట్టే వేళకు ఛార్జింగు పెడితే మీట పడలేదు, లోపల నింపడానికి ఏమీ లేదు.

నాకు దుఃఖం కన్నా ముందు కోపమే వచ్చింది. ఆమె దీపం వెలుగుతూనే ఉంది కదా, మా మడిలో ఆఖరి బొట్టు కూడా పీల్చుకుంటోంది కదా, ఈసారి చెంచయ్యను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి వినిపిస్తాను అనుకుని ఇయర్‌ఫోన్ తగిలించుకున్నాను.

ఏమీ వినపడలేదు.

కొసలు ఊడాయేమో చూశాను. ఊడలేదు. చెవిలో గట్టిగా నొక్కుకున్నాను. కిటికీ అవతల సలోమి దీపం నిబ్బరంగా వెలుగుతోంది. మట్టిలో ఒక్క టిక్కు లేదు.

అవతల దీపం ఉంది, ఇవతల ఛార్జింగు ఒక్కటే లేదు. తర్వాత బల్ల మీది టార్చిలైటులోంచి బ్యాటరీ తీసి, మంచం కింది తీగచుట్ట కొసలకు ఇలా తగిలించి అలా తీశాను.

టిక్.

మళ్ళీ తగిలించాను. టిక్.

ఇన్నాళ్ళూ నేను విన్నది మా ఆయన మంచం కింది చుట్ట చప్పుడు. ఆయన గుండెకు మేము ఆగి ఆగి పోస్తున్న కరెంటు చప్పుడు. రోజూ ఒకే వేళకు నేను ఛార్జింగు పెట్టాను, ఆమె దీపం పెట్టింది, నేను ఆమె దీపం ఒక్కటే చూశాను. కేబులు వెతకబోయేముందు మన మీట మనం కట్టెయ్యాలని కొత్తగా చేరినవాళ్ళకు పాఠం చెప్పినదాన్ని నేను. చెంచయ్యకూ వినిపించాను, వీధిలో ఇద్దరికీ వినిపించాను. ఒక మనిషిని కూర్చోబెట్టి దొంగను చేశాను.

మరి ఆమె పోసిందేమిటి?

లాంతరు తీసుకుని పెరట్లోకి వెళ్ళాను. తడక కింది భాగం ఎత్తి, బరకానికి అవతల వైపు చెయ్యి పెట్టాను. మట్టి మెత్తగా, నల్లగా, జిగటగా ఉంది. వాసన చూశాను. పులిసిన గంజి. అడుగున ఉన్నది పాతదే అనుకున్నాను, కానీ పైన ఇంకా తెల్లటి చార ఆరలేదు. ఈ తెల్లవారుజామున పోసిందది. నేను ఆమెను దొంగ అన్నాక కూడా, బరకం పాతించాక కూడా వచ్చి పోసింది. బరకం అడ్డుండి అది మా కుండలకు చేరలేదు, అంతే.

మీటరు సూదులు ఆ మట్టిలో గుచ్చాను. ముల్లు లేచి నిలబడింది.

నా చింతపండు పులుసు ఏ గంగలో కలిసిందో నాకు అప్పుడు తెలిసింది. మా మడిని లేపింది ఆమె గంజి. ఒంటి మనిషి రేషను, దాంట్లో గంజి అంటే సగం భోజనం. ఆమె అది తాగకుండా తెచ్చి మా కుండలకు పోసింది.

లోపల పెట్టె మళ్ళీ కూసింది.

11. అదే రోజు, తర్వాత రాస్తున్నది

పచ్చడి జాడీ ఒకటి పట్టుకుని వెళ్ళాను. దీపాలు పెట్టాక తోడు అడగడానికి వెళ్ళినదాన్ని ఈ దిబ్బ మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

సలోమి తలుపు తీసి నా మొహం చూసింది, జాడీ చూసింది. పెట్టె కూస్తోందని మాత్రం చెప్పగలిగాను.

ఆమె జాడీ ముట్టుకోలేదు. మునివేళ్ళ మీద లేచి కిటికీ పైనున్న దీపం తీగ పీకింది. ఇల్లు చీకటైపోయింది.

"తోడు మేలుకునేదాకా బావ ఆగలేడు గదక్కా. ముందు ఈ తీగ లాక్కెళ్ళి మీ డబ్బాకు కట్టు. నా కుండలన్నీ పెట్టెకే పోనియ్యి," అంది.

తడక మీదుగా తీగ లాగాం. ఆమె మడి నుంచి మా ఇంట్లోకి నిజంగా ఒక తీగ వచ్చింది. డబ్బా నిండడానికి పట్టినంతసేపూ ఇద్దరం మంచం పక్కన నేల మీద కూర్చున్నాం. మీట పడింది. ఇయర్‌ఫోన్ కిటికీలో వేలాడుతోంది, దాంట్లోంచి సన్నగా టిక్కుటిక్కుమని వినపడింది. నేను దాన్ని పీకి అవతల పెట్టాను.

పెట్టె కూత ఆగాక అడిగాను, గంజి సంగతి ఆ రోజే ఎందుకు చెప్పలేదని.

"మా లంకల్లో, తోడు ఇచ్చినోళ్ళ మడికి మనం గంజి పొయ్యాలి. వాళ్ళు చూడకూడదు. చూస్తే తిరిగిచ్చేసినట్టయిద్ది, పెట్టినట్టు అవదు. నోటితో చెప్పినా అంతే. మన మడి వెలిగిందాకా పోస్తే చాలు."

"నీ మడి ఎప్పుడో వెలిగింది కదా."

"వెలిగింది. బావ పెట్టె సంగతి తెలిసినాక ఆపబుద్ధి పుట్టలా."

ఆమె లేచి, జాడీ తీసుకెళ్ళి, తన కుండల్లో అన్నిటికన్నా నల్లగా ఉన్న దాంట్లోంచి నింపుకొచ్చింది. గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"ఆ బరకం మాత్రం నేను తియ్యనక్కా. నువ్వు పాతించావు, నువ్వే తియ్యి."

ఆమె వెళ్ళాక తోడు మట్టిలో మీటరు సూది గుచ్చి చూశాను. అలవాటు. బాగుంది. చూసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

12. పుష్యమి. ముసురు విడిచింది

పొద్దున్నే ఒక్కదాన్నే కందకం తిరగతవ్వి బరకం పీకాను. వీధిలో వాళ్ళు వచ్చి చూస్తుంటే తవ్వుతూనే ఉన్నాను. చెంచయ్య బాబాయి వచ్చాక అందరి ముందూ చెప్పాను, మీరు విన్నది మా మంచం చప్పుడని, సలోమి ఏమీ తీసుకోలేదని, తప్పు నాదని. గంజి మాట మాత్రం ఎత్తలేదు. ఆమె పెట్టినదాన్ని చెప్పేసి తిరిగిచ్చినదిగా చెయ్యడం నాకు ఇష్టం లేకపోయింది. మరి పోసిందేమిటని ఒకాయన అడిగాడు. చెప్పకూడదన్నాను.

ఏడుకొండలు గుమ్మం దాకా నడిచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "మట్టిలో దొంగను పట్టావా?" అన్నాడు. పట్టానన్నాను. ఎవరని అడగలేదు. నా చెయ్యి పట్టుకుని బురద గోళ్ళు చూసి నవ్వాడు.

13. ఆశ్లేష కార్తె

తోడు అందుకుంది. తడక పక్క వరుస మళ్ళీ నల్లబడింది. ముల్లు సగం దాటింది. ఆమె తీగ ఆమెకు తిరిగి ఇచ్చేశాను, వాళ్ళ కిటికీలో దీపం వెలుగుతోంది. ఇప్పుడామె చీకటితోనే లేచి వల కుట్టుకుంటోంది, చేపల కాలం వచ్చింది.

నాకు తోడు ఇచ్చింది ఆమె. కాబట్టి ఇప్పుడు వంతు నాది.

రాత్రి వార్చిన గంజిలో నా వాటా తాగకుండా చెంబులో పోసి మూత పెట్టాను. తెల్లవారకముందే లేచాను. ఏడుకొండలు నిద్రలో ఉన్నాడు, పెట్టె చప్పుడు చెయ్యడం లేదు. తడక దాటి చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను. సలోమి కిటికీలో దీపం వెలుగుతోంది, వల మీద వంగిన తల కనిపిస్తోంది. ఈమె చూసేస్తే నేను పోసింది లెక్కలోకి రాదే అని అటూ ఇటూ చూశాను. వాళ్ళ ఇంటి వైపు మరీ ఎక్కువసేపు చూశాను.

నా కాలి కింద ఎండు కొమ్మ చిటుక్కుమంది. కిటికీలో తల ఆగింది. ఇటు తిరగలేదు. చెయ్యి ఒకటి పైకి లేచింది, దీపం ఆరిపోయింది.

ఆ చీకట్లో ఆమె కుండల మొదట్లో గంజి పోశాను. నేను చెంబు కడుక్కుని తడక ఇవతలికి వచ్చాక ఆ దీపం మళ్ళీ వెలిగింది.